మిద్దెక్కితేనే టవర్ దొరికే ఇంటికి ఏం చేయాలి?

ప్రశ్న: అన్నా, మాది పాకాల దగ్గర పల్లె, నేను తిరుపతిలో పని చేస్తా, ఇంటికాడ అమ్మ ఒక్కతే ఉంటాది. పోయినేడు పెంకుటిల్లు పీకేసి స్లాబ్ వేసి కొత్తిల్లు కట్టినాం, అప్పట్నుంచి లోపల టవరే దొరకదు. నేను ఫోన్ చేస్తే కవరేజ్ ఏరియాలో లేరు అని వస్తాది, పాపం మోకాళ్ల నొప్పులతో మిద్దెక్కి మాట్లాడతాది. ఇక్కడొకాయన సిగ్నల్ బూస్టర్ డబ్బా చూపించి ఎనిమిది వేలు అన్నాడు, గ్యారంటీ అంట. కొనేదా?

జవాబు: కొనొద్దు తమ్ముడూ. ఆ డబ్బాని రిపీటర్ అంటారు, మన దేశంలో దాన్ని పెట్టే హక్కు సిమ్ కంపెనీలకే, మనం సొంతంగా బిగిస్తే చట్టప్రకారం తప్పు. పైగా నాసిరకం డబ్బా అయితే టవర్‌కి గోల పంపిస్తాది, అప్పుడు నీ ఒక్కడిది కాదు, చుట్టుపక్కల అందరి కాల్సూ కట్ అవుతాయి. అమ్మేవాడు ఈ ముక్క చెప్పడు కదా.

అసలు సంగతి నీ ఉత్తరంలోనే ఉంది. మిద్దె మీద దొరుకుతోంది అంటే ఊరికి సిగ్నల్ వస్తోంది, ఇంట్లోకి రావట్లేదు, అంతే. పెంకుల్లోంచి దూరినంత సులభంగా ఇనుప కడ్డీల స్లాబ్‌లోంచి దూరదు (రేకులిల్లయితే ఇంకా ఘోరం).

ముందు సిగ్నల్ ఎక్కడ ఎంతుందో కొలిచి చూడు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్ చూస్తే సిగ్నల్ స్ట్రెంగ్త్ అని మైనస్ నంబర్ ఉంటాది. 4జీలో మైనస్ 85 అంటే బ్రహ్మాండం, 105 అంటే ఏదో నెట్టుకొస్తాది, 115 దాటితే మాట తెగిపోతాది. మిద్దె మీద, వరండాలో, ప్రతి కిటికీ దగ్గర, వంటింట్లో నిలబడి కాగితం మీద రాసుకో. ఆ నంబర్‌లో మూడు తేడా వస్తే పవర్ సగం, పది తేడా వస్తే పదో వంతు, కాబట్టి చిన్న తేడా అని వదిలేయొద్దు. మా పిన్నమ్మ వాళ్లింట్లో ఇట్ల కొలిస్తే తూర్పు కిటికీ ఒక్కటే బాగుంది, ఇప్పుడామె ఆ ఊచలకి గుడ్డ సంచి కట్టి ఫోన్ అందులోనే పెడతాది, నవ్వినా సరే అది పనిచేస్తోంది. మామిడి తోపు ఉన్న వైపు కిటికీ వద్దు, వానకి తడిసిన ఆకులు సిగ్నల్ బాగా తినేస్తాయి.

అదే తిరుగుడు పక్కింటోళ్ల వేరే కంపెనీ సిమ్‌తో కూడా తిరుగు. టవర్లు వాడే ఫ్రీక్వెన్సీలు (మెగాహెర్ట్జ్‌లో చెప్తారు) రకరకాలుంటాయి, 700, 850, 900 మెగాహెర్ట్జ్ సిగ్నల్ దూరం పోతాది, గోడల్లోకీ దూరతాది, 2300 అయితే గోడ దగ్గరే నీరసపడతాది. ఏ కంపెనీ టవర్ ఏ గుట్ట మీదుందో దాన్నిబట్టి ఊరూరికీ మారతాది, అందుకే తిరుపతిలో బాగుంది కదాని అదే సిమ్ అమ్మకి ఇవ్వొద్దు. వేరేది బాగుంటే నంబర్ మార్చకుండానే పోర్ట్ అవ్వొచ్చు, అమ్మ ఫోన్ నుంచి పోర్ట్ (PORT) అని ఇంగ్లీషులో రాసి ఖాళీ వదిలి నంబర్ కొట్టి 1900 కి మెసేజ్ పంపితే ఒక కోడ్ వస్తాది, దాంతో కొత్త కంపెనీ షాపుకి పోయి సిమ్ తీసుకోవాల. ఇంకోటి, ఎయిర్‌టెల్, విఐ, బీఎస్ఎన్ఎల్‌కి 2జీ ఉంది, అమ్మకి మాటలే కావాలంటే నెట్‌వర్క్ మోడ్ 2జీకి మార్చి చూడు, 4జీ ఊగిసలాడే చోట అది నిలబడొచ్చు. జియోకి 2జీ లేదు, వోల్టీ (VoLTE, అంటే 4జీ మీదే కాల్ మాట్లాడే పద్ధతి) ఆన్‌లో ఉండాల్సిందే.

నన్నడిగితే మీ ఇంటికి సరైన మందు వైఫై కాలింగ్. ఊర్లోకి ఫైబర్ ఇంటర్నెట్ వచ్చుంటే కనెక్షన్ తీసుకుని ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చెయ్, టవర్ లేకపోయినా మామూలు నంబర్‌కే కాల్ వస్తాది, అమ్మ కొత్తగా నేర్చుకోవాల్సింది ఏం లేదు. సిమ్ కంపెనీ, ఫోన్ మోడల్ రెండూ ఒప్పుకోవాల, అది ముందే కనుక్కో. ఫైబర్ రాకుంటే సిమ్ వేసే 4జీ రౌటర్ కొని మిద్దె మీద మెట్లగదిలో, నంబర్ బాగా వచ్చిన చోట పెట్టి, కిందికి లాన్ వైర్ లాగి ఇంట్లో ఇంకో వైఫై డబ్బా పెట్టు. లాన్ వైర్ వంద మీటర్ల దాకా ఇబ్బంది పెట్టదు. రౌటర్‌కి చిన్న యూపీఎస్ మర్చిపోవద్దు, కరెంట్ పోయినప్పుడే కదా అమ్మకి ఫోన్ అవసరం పడేది.

ప్రశ్న: ఫోన్ వెనక అంటిస్తే సిగ్నల్ పెరిగే స్టిక్కర్ అంట, సంతలో యాభై రూపాయలు. నిజమేనా?

జవాబు: కాదు. అది ఉత్త రేకు ముక్క, అంటిస్తే పెరగడం అటుంచి తగ్గొచ్చు కూడా. మీ ఫోన్‌కి ఇనుప కవరో, వెనక అయస్కాంతం బిళ్లో ఉంటే అది పీకేసి చూడండి, దానికి యాభై రూపాయలు కూడా అక్కర్లేదు.