డబ్బాలో కూలెంట్ తగ్గుతోంది, కింద చుక్క లేదు. హెడ్ విప్పాల్సిందేనా?

తమ్ముడూ, ఇప్పుడే హెడ్ విప్పనివ్వకు. ముందు ప్రెషర్ పెట్టి చూడమను.

నువ్వు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. బండి 2008 మోడల్ బొలెరో. ఉండేది రాయగడలో, పని మీద లక్ష్మీపూర్ ఘాట్ ఎక్కి కోరాపుట్ వెళ్ళి వస్తుంటావు. వచ్చిన ప్రతిసారీ డబ్బాలో అర లీటరు దాకా పోయాల్సి వస్తోంది. రాత్రంతా బండి కింద అట్ట పరిచి చూసినా తడి లేదు. షెడ్డులో మిస్త్రీ సైలెన్సర్ పొగ చూసి హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ పై భాగమైన హెడ్‌కీ కింది బ్లాకుకీ మధ్య ఉండే సీలు, పోయిందన్నాడు. ఆయన దగ్గరున్న రుజువు ఆ తెల్లపొగ ఒక్కటే. చలికాలం పొద్దున్నే మన కొండల మీద ఏ పాత డీజిల్ బండి స్టార్ట్ చేసినా కాసేపు తెల్లపొగ వస్తుంది. అది చూసి హెడ్ విప్పాలంటే సెమిలిగుడలో సగం బండ్లకి విప్పాలి.

నాది బొలెరో పికప్. కుందులి సంతలో అల్లం, కూరగాయలు ఎక్కించుకుని సుంకి ఘాట్ దిగి సాలూరు వెళ్తుంటాను. వచ్చేటప్పుడు కిరాణా సరుకుతో అదే ఘాట్ ఎక్కాలి. నీకొచ్చిన కష్టమే నాకూ వచ్చింది, నాకూ హెడ్ గ్యాస్కెట్టే అన్నారు. చివరికి లీకు దొరికింది వేరే చోట. అది చెప్పే ముందు కింద చుక్క ఎందుకు పడట్లేదో చెప్తాను, ఎందుకంటే నీ అనుమానమంతా అక్కడే ఉంది.

కూలెంట్ అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, అది తిరిగే దారంతా మూసి ఉంటుంది. ఇంజన్ వేడెక్కే కొద్దీ లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఎంతవరకు పెరగనివ్వాలో రేడియేటర్ మూతలో ఉన్న స్ప్రింగు చూసుకుంటుంది. మూత మీద 0.9 అనో 1.1 అనో రాసి ఉంటుంది చూడు, అది ఒత్తిడి కొలిచే బార్ లెక్క. బండి చల్లబడి ఇంటి ముందు ఉన్నప్పుడు ఆ ఒత్తిడి ఉండదు, సన్నని పగులు ఉన్నా కారదు. ఘాట్ ఎక్కేటప్పుడు కారుతుంది. కారిన నాలుగు చుక్కలూ వేడి బ్లాకు మీదో ఎగ్జాస్ట్ గొట్టం మీదో పడి అక్కడికక్కడే ఆవిరైపోతాయి. నువ్వు ఇంటికొచ్చి అట్ట పరిచే సరికి మిగిలేది ఎండిన మరక. కాబట్టి తడి కోసం వెతక్కు, మరక కోసం వెతుకు. మంచి కూలెంట్ అయితే దాని రంగులోనే పొడి పేరుకుంటుంది. బోరు నీళ్ళు పోసిన బండి అయితే తెల్లగా సున్నంలాగానో, తుప్పు కలిసి గోధుమ రంగుగానో ఉంటుంది.

మొదట మూత సంగతి చూడు. అన్నిటికన్నా చవకైన సామాను అదే, మిస్త్రీలు అన్నిటికన్నా ఆఖర్న చూసేదీ అదే. రాయగడ సముద్ర మట్టానికి 200 మీటర్ల చిల్లర ఎత్తులో ఉంది, కోరాపుట్ దాదాపు 870 మీటర్లు. ఆ ఎత్తులో గిన్నెలో నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి. సగం కూలెంట్, సగం నీళ్ళు కలిపి, పైన మూత తన ఒత్తిడి తాను నిలబెడితే 120 దాటినా మరగదు. అదే మూత స్ప్రింగు నీరసించిపోతే పైకి ఎక్కే కొద్దీ లోపల మరగడం మొదలై కూలెంట్ డబ్బాలోకి తన్నుకొస్తుంది, డబ్బా నిండి రోడ్డు మీదకి పోతుంది. ఇంటి దగ్గర ఎంత వెతికినా ఆ లీకు కనపడదు. మూతలో ఇంకో చిన్న వాల్వు కూడా ఉంటుంది. ఇంజన్ చల్లబడేటప్పుడు డబ్బాలోంచి కూలెంట్‌ని వెనక్కి లాక్కునేది అదే. అది ఇరుక్కుపోయినా, డబ్బాకీ రేడియేటర్‌కీ మధ్య ఉన్న సన్న పైపు చిట్లినా, కూలెంట్ బదులు గాలి లాగుతుంది. అప్పుడు డబ్బా నిండుగానే ఉంటుంది, రేడియేటర్ ఖాళీ అవుతూ ఉంటుంది. అందుకని డబ్బా ఒక్కటే చూసి లెక్క వేయకు. పొద్దున్న ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి కూడా చూడు. వేడి మీద మాత్రం ఎప్పుడూ తియ్యకు. రేడియేటర్ పై హోస్, అంటే పైన ఉండే రబ్బరు గొట్టం, చేత్తో నొక్కితే గట్టిగా ఉందంటే లోపల ఒత్తిడి ఉన్నట్టే. ఆవిరి మొహం మీదకి కొడితే కళ్ళు పోతాయి.

మూత రబ్బరు ఎండిపోయి ఉంటే ఆలోచించకుండా కొత్తది వెయ్యి, కానీ పాతదాని మీద ఉన్న అంకే ఉన్నది తీసుకో. ఎక్కువ ఉంటే మంచిదే కదా అని 0.9 చోట 1.1 పెడితే పాత హోసులకీ రేడియేటర్‌కీ ఆ బరువు పడుతుంది.

ఇక అసలు పరీక్ష. రేడియేటర్ మూత చోట బిగించే చేతిపంపు ఒకటి ఉంటుంది, దానికి మీటరు ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉండగా రేడియేటర్ నిండా పోసి, ఆ పంపుతో మూత మీద రాసి ఉన్న అంకె దాకా కొట్టి వదిలెయ్యాలి. పావుగంట సేపు ముల్లు కదలకూడదు. దిగితే ఎక్కడో పోతోందన్నమాట. ఇంజన్ చల్లగా ఉంది కాబట్టి ఇప్పుడు కారింది ఆవిరి కాదు, తడిగా కళ్ళకి కనపడుతుంది. సాలూరు లారీల ఊరు కాబట్టి అక్కడ ఈ పంపు ఉన్న షెడ్డు దొరకడం కష్టం కాదు. జయపురంలో కార్ల పని చేసే పెద్ద షెడ్లలో అడుగు. కొందరు పాత మూతకి సైకిల్ ట్యూబు వాల్వు అతికించి కాలిపంపుతో కొడతారు. మీటరు ఉంటే ఫర్వాలేదు. మీటరు లేకుండా అందాజాగా కొడితే రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు పగిలి కొత్త ఖర్చు తగులుకుంటుంది.

నా బండికి ముల్లు నెమ్మదిగా దిగింది. ముందు హోసులన్నీ చూశాం. క్లిప్పు బిగించిన చోట రబ్బరు నొక్కుకుపోయి పగులుతుంది కాబట్టి క్లిప్పు జరిపి మరీ చూడాలి. పొడిగా ఉన్నాయి. వాటర్ పంపు కింద చిన్న కన్నం ఉంటుంది, లోపలి సీలు పోతే నీళ్ళు అందులోంచి బయటికి రావాలనే ఆ కన్నం పెడతారు. అదీ పొడే. రేడియేటర్‌కి ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం జాలీ కలిసే అంచు చూశాం, ఏమీ లేదు. డ్యాష్‌బోర్డు కింద హీటరు ఉన్న వైపు కార్పెట్ ఎత్తి తడిమి చూశాం. అక్కడ లీకైతే బండి లోపల తియ్యటి వాసన వేస్తుంది, అద్దానికి జిడ్డు ఆవిరి పడుతుంది. అదీ లేదు.

అప్పుడు సాలూరు మిస్త్రీ ఒకాయన, లారీల మీదే వయసంతా గడిపిన మనిషి, టార్చి, చిన్న అద్దం తెచ్చి మ్యానిఫోల్డ్, అంటే సిలిండర్ల పొగని ఎగ్జాస్ట్ గొట్టంలోకి పంపే ముక్క, దాని వెనక పెట్టి చూశాడు. ఇనప బ్లాకు పోత పోసినప్పుడు మిగిలిన గుండ్రటి కన్నాలకి రేకు బిళ్ళలు కొట్టి ఉంటాయి, షెడ్లలో డమ్మీలంటారు. వాటిలో ఒకదాని అంచున తుప్పు రంగు పొక్కు కట్టి ఉంది, దాని కిందుగా సన్నటి తడి గీత. కారిన నీళ్ళు తిన్నగా ఎగ్జాస్ట్ మీద పడుతున్నాయి, ఇక కింద చుక్క ఎక్కడ కనపడుతుంది! బండిని నాకంటే ముందు వాడినాయన ఏళ్ళ తరబడి వాగు నీళ్ళూ బోరు నీళ్ళూ పోశాడు. కూలెంట్‌లో తుప్పు పట్టకుండా చూసే మందు ఉంటుంది, ఒట్టి నీళ్ళలో ఉండదు. బిళ్ళ పల్చటి ఉక్కు రేకు, అది లోపలి నుంచే తినేసుకుంటూ వచ్చింది.

పని మ్యానిఫోల్డ్ విప్పడం దగ్గరే ఎక్కువ. పాత నట్లు విరగకుండా ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచాడు. కూలెంట్ దించాక బిళ్ళ ఒక అంచున సుత్తితో తట్టి అడ్డంగా తిప్పి పటకారుతో లాగేశాడు. గాడిని ఎమరీ కాగితంతో శుభ్రం చేసి, సీలెంట్ రాసి, కొత్త ఇత్తడి బిళ్ళ పెట్టి, దాని కొలతకి సరిపోయే సాకెట్ ఆనించి తిన్నగా కొట్టాడు. వంకరగా దిగితే మళ్ళీ కారుతుంది, అందుకే ఇది తొందరపడే వాళ్ళతో చేయించే పని కాదు. ఇత్తడివి అడిగి వేయించుకో, వాటికి తుప్పు పట్టదు. ఒకటి పోయిందంటే మిగతావీ అదే నీళ్ళు తాగాయి కాబట్టి చెయ్యి అందినవన్నీ అప్పుడే మార్పించేశాను. సామాను ఖర్చు లెక్కలోకి రాదు, పోయేదంతా కూలికే. మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ కొత్తది వెయ్యకపోతే మాత్రం ఆ చప్పుడు భరించలేవు.

బయట ఎక్కడా తడి లేకుండా ముల్లు దిగుతుంటే, అప్పుడు మీ మిస్త్రీ మాట నిజమయ్యే అవకాశం ఉంది. అప్పటికీ ఇంకో పరీక్ష ఉంది. రేడియేటర్ నోటి దగ్గర నీలం రంగు మందు పోసిన గాజు గొట్టం పెట్టి లోపలి గాలిని దానిగుండా లాగుతారు. సిలిండర్‌లో కాలిన గాలి కూలెంట్‌లోకి వస్తుంటే రంగు మారుతుంది. పెట్రోలుకి పసుపు, డీజిల్‌కి ఆకుపచ్చ. ఆ మందు దొరక్కపోయినా కొన్ని గుర్తులున్నాయి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే, ఇంకా వేడెక్కకుండానే, పై హోస్ రాయిలా బిగుసుకుపోతుందా? మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వస్తూనే ఉన్నాయా? ఇంజన్ బాగా వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తూ తియ్యటి వాసన వేస్తోందా? ఆయిల్ మట్టం చూసే కడ్డీ, డిప్‌స్టిక్, దాని మీద ఆయిల్ పాలలా ఉందా? ఆయిల్ పోసే మూత లోపలి వైపు మాత్రమే తెల్లటి నురగ ఉంటే గాభరా పడకు. చలిలో దగ్గర దగ్గర తిరిగే బండ్లకి మంచు తేమ అలాగే పడుతుంది.

లీకు ఏదైనా సరే, మూసేశాక రెండు సార్లు మంచి నీళ్ళతో కడిగించి, సగం కూలెంట్ సగం డిస్టిల్డ్ వాటర్ పోయించు. రెండు రకాల కూలెంట్లు కలపకు. రంగు ఒకటే అయినంత మాత్రాన రకం ఒకటే అని కాదు, డబ్బా మీద రాసింది చదువు. పోసేటప్పుడు బండి ముందు భాగం ఎత్తుగా ఉండేలా పెట్టి, హీటరు వేడి వైపుకి పూర్తిగా తిప్పి, మూత తీసి ఇంజన్ నడపాలి. ఇంజన్ వేడెక్కాకే కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వు థర్మోస్టాట్, అది తెరుచుకోగానే మట్టం ఒక్కసారిగా దిగుతుంది, అప్పుడు మళ్ళీ నింపాలి. లోపల గాలి మిగిలితే లీకు లేకపోయినా బండి వేడెక్కుతుంది, నువ్వు మళ్ళీ హెడ్ గ్యాస్కెట్ టెన్షన్‌లో పడతావు. దించిన పాత కూలెంట్ పెరట్లో పారబోయకు. తియ్యగా ఉంటుందని కుక్కలూ మేకలూ తాగేస్తాయి, అది విషం.

నీకు తప్పకుండా ఎవరో ఒకరు రేడియేటర్‌లో పసుపు పొయ్యమంటారు. లారీ వాళ్ళ పాత వైద్యం అది, చిన్న కన్నమైతే కాసేపు ఆగుతుంది కూడా. ఘాట్ మధ్యలో చిక్కుకుని వేరే దారి లేకపోతే వాడుకో. ఊరు చేరాక కడిగించకపోతే ఆ పసుపే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ హీటరులోనూ పేరుకుని ఇంకో జబ్బు తెస్తుంది. కొట్లో అమ్మే లీకు ఆపే మందులకీ ఇదే మాట. థర్మోస్టాట్ తీసి పారేస్తే వేడి తగ్గుతుందనే సలహా కూడా వస్తుంది, అది అసలు వినకు. మన చలికి ఇంజన్ వేడెక్కనే వేడెక్కదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజన్లలో అయితే నీళ్ళు రేడియేటర్‌కి పోకుండా అడ్డదారిన తిరిగి ఇంకా వేడెక్కుతుంది.

పరీక్ష చేయించే లోపు కోరాపుట్ వెళ్ళక తప్పకపోతే ఏసీ ఆపేసి, గేరు తగ్గించి ఎక్కు. ఇంజన్ కాస్త ఎక్కువ తిరిగితే వాటర్ పంపూ ఎక్కువ తిరుగుతుంది. డ్యాష్‌బోర్డులో వేడి చూపే ముల్లు ఎర్ర గీత వైపు పోతుంటే హీటరు, బ్లోయరు ఫుల్లుగా పెట్టి ఆపడానికి చోటు చూసుకో. ఆపాక అరగంటైనా ఆగు. కాలిపోతున్న ఇంజన్ మీద చన్నీళ్ళు కుమ్మరిస్తే ఇవాళ లేని హెడ్ పని రేపు నిజంగానే పడుతుంది.

అన్ని పరీక్షలూ అయ్యాక హెడ్డే అని తేలితే విప్పించు, కానీ కొత్త గ్యాస్కెట్ ఒక్కటే వేసి మూసెయ్యనివ్వకు. హెడ్‌ని లేత్ షాపుకి పంపి వంగిందా, పగిలిందా చూపించి, అవసరమైతే చదును చేయించాకే ఎక్కించాలి. ఈ మాట విప్పక ముందే మాట్లాడుకో, విప్పాక బేరం మన చేతిలో ఉండదు. ముందు మూత మీద అంకె ఎంతో, ప్రెషర్ పెడితే ముల్లు ఎంత దిగిందో రాయి, చూద్దాం.