పిల్లలు నిలబడే తీరుని ఇంట్లో కొలవొచ్చా? మా అమ్మాయి రిపోర్టుతో మేం పడ్డ పాట్లు

మీ బాబుకి స్కూల్ చెకప్‌లో 'పోశ్చర్ బాగాలేదు, తల ముందుకి వాలుతోంది' అని రాసిచ్చారు, ఇంట్లో మనమే కొలిచి చూసుకోవచ్చా అని కదా అడిగారు. కొలవొచ్చు. కానీ ఒక్క ఫొటోలో వచ్చిన అంకెని మాత్రం నమ్మకండి, అది స్కూల్ వాళ్ళు తీసినా సరే, మీరు తీసినా సరే.

మేముండేది బెంగళూరు మారతహళ్ళిలో. మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా వాళ్ళ స్కూల్లోనూ ఇలాగే క్యాంప్ పెట్టారు. పక్కనుంచి ఒక ఫొటో, వెనకనుంచి ఒకటి, అంతే. వారానికి రంగురంగుల రిపోర్టు వచ్చింది. మెడ కోణం 43 డిగ్రీలట. కిందే 12 సిట్టింగుల ప్యాకేజీ, ఫోన్ నంబరు. మా అత్తగారికి ఇంకేం కావాలి, "ఆ ఫోన్లో తల దూర్చి దూర్చి గూని తెచ్చుకుంది" అని రెండ్రోజులు అదే పాట. అబద్ధమెందుకు, నాకూ భయమేసింది.

ఆ కోణం సంగతి చెప్తా. తల వంచితే మెడ కింద వెనకవైపు ఒక ఎముక పొడుచుకొస్తుంది, ఏడో మెడపూస. అక్కణ్ణుంచి చెవి రంధ్రం ముందుండే చిన్న బుడిపె దాకా గీత గీస్తే, ఆ గీతకీ నేలకి సమాంతరంగా గీసిన గీతకీ మధ్య వచ్చేదే అది. తగ్గేకొద్దీ తల ముందుకొచ్చినట్టు. పెద్దవాళ్ళలో సుమారు 50కి తగ్గితే తల ముందుకుందంటారు.

రిపోర్టులో ఫొటోని పెద్దది చేసి చూశాక అసలు కథ బయటపడింది. యూనిఫాం రూలు ప్రకారం మా పిల్లకి రెండు జడలు, మడిచి రిబ్బన్లతో చెవుల పక్కకి కట్టినవి. చెవి కనపడదు. మెడపూస చొక్కా కాలర్ కింద ఉంది. చెవి మీద పడాల్సిన చుక్క రిబ్బన్ ముడి మీద పడింది! పైగా కాళ్ళకి బూట్లు, ఒక పాదం ముందుకి.

ఆ ఆదివారం మేమే తీశాం. జుట్టు పైకి ముడేసి, చేతుల్లేని బనియన్ వేసి, మెడపూస, భుజం కొన, తుంటి ఎముక, చీలమండ, వీటి మీద నా స్టిక్కర్ బొట్లు అంటించాను. మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండు దారం వేలాడదీశాం. ఫోన్ పిల్ల నడుం ఎత్తులో, పది అడుగుల దూరాన, ఏ వైపూ వాలకుండా స్టూల్ మీద పెట్టాం. దగ్గర్నుంచి తీసినా, వంచి తీసినా లెక్క తప్పుతుంది. దారం చీలమండకి కాస్త ముందు ఉండేలా నిలబెడితే, మోకాలి మధ్యకి కొంచెం ముందుగా, తుంటి, భుజం, చెవి మీదుగా పోవాలి.

"నిటారుగా నిలబడు" అని మాత్రం అనొద్దు. అన్నారో, జనగణమన పాడుతున్నట్టు బిగుసుకుపోతారు. ఉన్నచోటే పది అడుగులు వేయించి, తల పైకీ కిందకీ రెండుసార్లు ఆడించి, ఎదురుగా కంటి ఎత్తులో దేన్నైనా చూడమని, కుదురుకున్నాక తీయండి. మాకు ఐదు ఫొటోల్లో 47, 51, 49, 52, 48 వచ్చాయి. పది నిమిషాల్లో, అదే పిల్ల! నిలబడ్డ మనిషి రాయిలా ఉండడు, సన్నగా ఊగుతూనే ఉంటాడు. అందుకే సగటు తీసి, నెలకోసారి అదే చోట, అదే టైముకి తీసి పోల్చుకోండి. రెండు మూడు డిగ్రీల తేడాకి సంబరమూ వద్దు, కంగారూ వద్దు.

నన్నడిగితే, దీనికన్నా వెనకనుంచి చూసే పరీక్ష ముఖ్యం. తర్వాత మేం చూపించుకున్న ఫిజియో ముందు అదే చేయించింది. ఆడమ్స్ పరీక్ష అంటారు, నూట యాభై ఏళ్ళ నాటిది, యాప్ అక్కర్లేదు. పాదాలు కలిపి, మోకాళ్ళు వంచకుండా, అరచేతులు జోడించి ముందుకి వంగమనాలి. వెనక నిలబడి చూస్తే వీపు రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉండాలి. ఒక పక్క పక్కటెముకలు ఎత్తుగా కనిపిస్తే వెన్ను పక్కకి తిరుగుతోందేమో చూడాలి. స్కోలియోమీటర్ అనే పరికరంతో ఆ ఎత్తు తేడాని కోణంగా కొలుస్తారు, 5 నుంచి 7 డిగ్రీలు దాటితే డాక్టర్‌కి చూపించమంటారు. స్కోలియోసిస్, అంటే వెన్ను పక్కకి వంగడం, అని తేల్చేది మాత్రం ఎక్స్‌రేలో వెన్ను వంపు 10 డిగ్రీలో అంతకన్నా ఎక్కువో ఉంటేనే. పిల్లలు గబగబా ఎత్తు పెరిగే వయసులోనే ఇది ముదిరేది, అందులోనూ ఆడపిల్లల్లో ఎక్కువ.

మా అమ్మాయికి అదేం లేదు. కానీ ఫిజియో బ్యాగు తూచమంది. 34 కిలోల పిల్ల, 5.6 కిలోల బ్యాగు, అదీ ఒక్క భుజానికి! బరువులో పదో వంతు దాటొద్దని 2020 నాటి స్కూల్ బ్యాగ్ పాలసీ చెప్తోంది. స్కూల్ ఇచ్చిన రిపోర్టులో ఈ ముక్క ఎక్కడా లేదు మరి.

మీ బాబుని ఇవాళ సాయంత్రమే చొక్కా విప్పి వంగమనండి. వీపు ఒక పక్క ఎత్తుగా అనిపిస్తే ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. లేకపోతే బొట్లు, దారం, ఐదు ఫొటోలు. ప్యాకేజీ నంబరుకి మాత్రం అప్పుడే ఫోన్ చేయకండి.