వైట్‌హౌస్ దాకా వెళ్లని రాజకీయ జీవితానికి ఉన్న దారులు

ప్రశ్న: నేను హెచ్-1బి వీసాపై వచ్చి న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో స్థిరపడ్డాను. మా అమ్మాయి గుంటూరులో పుట్టింది. రెండేళ్ల క్రితం మాకు పౌరసత్వం వచ్చింది. ప్రస్తుతం కాలేజీలో రాజనీతిశాస్త్రం చదువుతూ, అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ లాంటి ప్రగతిశీల నాయకుల ప్రచారంలో పనిచేస్తోంది. రాజకీయాలే తన వృత్తి అంటోంది. ఈ దేశంలో పుట్టిన ఆ నాయకురాలైనా అధ్యక్షురాలు కాలేకపోతే ఆమెకు మిగిలేది ఏమిటి? ఆ పోటీకే అర్హత లేని మా అమ్మాయికి ఇందులో భవిష్యత్తు ఉంటుందా?

జవాబు: మీరు ఏ వీసాపై ఈ దేశానికి వచ్చారో, ఆ హెచ్-1బిని ఏర్పరచిన 1990 నాటి వలస చట్టం బిల్లును సెనేట్‌లో ప్రవేశపెట్టినవారు ఎడ్వర్డ్ కెన్నెడీ. 1980లో డెమొక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం, అప్పుడు పదవిలో ఉన్న జిమ్మీ కార్టర్‌పైనే పోటీకి దిగి ఓడిపోయిన కెన్నెడీ ఆయనే. ఆ తర్వాత ఆయన మళ్లీ అధ్యక్ష పదవికి పోటీ చేయలేదు. 2009లో మరణించేదాకా సెనేటర్‌గానే ఉన్నారు. వికలాంగుల హక్కుల చట్టం కోసం పాటుపడినా, 1997లో రిపబ్లికన్ సెనేటర్ ఓరిన్ హ్యాచ్‌తో చేతులు కలిపి పిల్లల ఆరోగ్య బీమా పథకాన్ని సాధించినా, అవన్నీ ఆ ఓటమి తర్వాతి పనులే. మీ ప్రశ్నకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు కనిపించడం లేదు.

ఇక ఒకాసియో-కోర్టెజ్ విషయానికి వద్దాం. 2018లో 29 ఏళ్లకే ప్రతినిధుల సభకు ఎన్నికైన ఆమె ముందు ఇంకా ముప్పై, నలభై ఏళ్ల రాజకీయ జీవితం ఉంది. సభలోనే కొనసాగుతూ కమిటీల ద్వారా ఎదగడం ఆమెకున్న మొదటి దారి. అది తేలికేమీ కాదు. 2024 డిసెంబరులో పర్యవేక్షణ కమిటీలో తమ డెమొక్రటిక్ పార్టీ తరఫు నాయకత్వ స్థానం కోసం పోటీచేసి, తనకంటే ఎంతో సీనియర్ అయిన జెర్రీ కానలీ చేతిలో 131-84 ఓట్ల తేడాతో ఆమె ఓడిపోయారు. బయట ఎంత ఆదరణ ఉన్నా, సభ లోపల సీనియారిటీకీ, సహచరులతో ఏళ్ల తరబడి పెంచుకున్న సంబంధాలకూ ఉండే విలువ ఎంతో ఆ ఓట్లే చెబుతాయి. ప్రస్తుతం ఆమె సభ్యురాలిగా ఉన్న ఇంధన, వాణిజ్య కమిటీ పరిధిలోకి ఆరోగ్య రంగం, విద్యుత్తు, టెలికాం వంటివన్నీ వస్తాయి. ప్రగతిశీల రాజకీయాలు మాట్లాడే విషయాల్లో చాలా భాగం తేలేది అక్కడే.

రెండో దారి సెనేట్. న్యూయార్క్‌లో చక్ షూమర్ స్థానానికి 2028లో ఎన్నిక జరగాలి కనుక, అధ్యక్ష ఎన్నికా అదీ ఒకే ఏడాది వస్తాయి. నా ఉద్దేశంలో ఈ రెండు దారుల్లో సెనేటే మెరుగైన ఎంపిక. ప్రతినిధుల సభ సభ్యులు రెండేళ్లకోసారి ప్రజల ముందుకు వెళ్లాలి. సెనేటర్‌కు ఆరేళ్ల గడువు, న్యాయమూర్తుల నియామకంలో ఓటు, ఒక బిల్లును పట్టుకుని కూర్చునే వ్యవధి ఉంటాయి. సెనేటర్ బెర్నీ శాండర్స్ 2016లోనూ 2020లోనూ డెమొక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వం దక్కించుకోలేకపోయినా, 2021లో సెనేట్ బడ్జెట్ కమిటీకీ, 2023లో ఆరోగ్య, విద్య, కార్మిక వ్యవహారాల కమిటీకీ అధ్యక్షుడయ్యారు.

వాషింగ్టన్ బయట ఉన్న పదవులను మనవాళ్లు తక్కువగా అంచనా వేస్తారు. మిన్నెసోటాకు చెందిన కీత్ ఎల్లిసన్ పన్నెండేళ్లు ప్రతినిధుల సభలో ఉండి, దాన్ని వదులుకుని 2018లో రాష్ట్ర అటార్నీ జనరల్‌గా ఎన్నికయ్యారు. 2020లో పోలీసు అధికారి చేతిలో ప్రాణాలు కోల్పోయిన నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ హత్య కేసులో ప్రాసిక్యూషన్‌ను నడిపింది ఆయన కార్యాలయమే. న్యాయశాస్త్రం చదవాలనుకునే పిల్లలకు ఈ పదవిని నేను ప్రత్యేకంగా చూపిస్తాను, ఎందుకంటే కొత్త చట్టం కోసం మెజారిటీ వచ్చేదాకా ఎదురుచూడకుండా, ఉన్న చట్టంతోనే కంపెనీలను కోర్టుకు లాగగల అధికారం అందులో ఉంది.

ఎన్నికలతో సంబంధం లేకుండా మొదలయ్యే దారి ఎలిజబెత్ వారెన్‌ది. దివాలా చట్టంపై ఏళ్ల తరబడి పరిశోధించిన ఆ న్యాయశాస్త్ర ఆచార్యురాలు, అప్పులిచ్చే సంస్థల నుంచి వినియోగదారులను కాపాడే ప్రత్యేక సంస్థ ఉండాలని 2007లో ప్రతిపాదించారు. 2010 చట్టంతో అది ఏర్పడింది. దాన్ని నిలబెట్టే పని చేసిన ఆమెను, రిపబ్లికన్ల వ్యతిరేకత వల్ల డైరెక్టర్ పదవికి ప్రతిపాదించనే లేదు. ఆమె 2012లో సెనేట్‌కు పోటీచేసి గెలిచారు. 2020లో అధ్యక్ష అభ్యర్థిత్వ పోటీ నుంచి తప్పుకున్నాక కూడా ఆమె మాటకు విలువ తగ్గలేదంటే, ఒక విషయాన్ని క్షుణ్ణంగా నేర్చుకుని ఉండటమే కారణమని నేను నమ్ముతాను.

పదవి వదిలాక లాబీయింగ్ సంస్థల్లో చేరే దారి కూడా ఉంది. ప్రతినిధుల సభ మాజీ సభ్యులు ఒక సంవత్సరం, మాజీ సెనేటర్లు రెండేళ్లు ఆగితే చాలు. అయితే ఎన్నికల విరాళాల కోసం కంపెనీలు నడిపే కమిటీల డబ్బు తీసుకోనని చెప్పి గెలిచిన నాయకులు అందులోకి వెళితే, అంతవరకు సంపాదించుకున్న నమ్మకం పోతుంది. దీన్ని నేను ఎవరికీ సలహాగా ఇవ్వను.

మీ అమ్మాయి గుంటూరులో పుట్టినందువల్ల రాజ్యాంగం ఆమెకు మూసేది అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులను మాత్రమే. పౌరసత్వం వచ్చి ఏడేళ్లు నిండి, 25 ఏళ్ల వయసుంటే ప్రతినిధుల సభకూ, తొమ్మిదేళ్లు నిండి 30 ఏళ్ల వయసుంటే సెనేట్‌కూ పోటీ చేయవచ్చు. చెన్నైలో పుట్టిన ప్రమీలా జయపాల్ 2001 సెప్టెంబరు దాడుల తర్వాత సియాటెల్‌లో వలసదారుల హక్కుల సంస్థను స్థాపించి, 2017 నుంచి ప్రతినిధుల సభలో ఉంటూ అక్కడి ప్రగతిశీల సభ్యుల బృందానికి నాయకత్వం వహించారు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ సివిల్ ఇంజనీరు. మోంట్‌గోమరీ కౌంటీ రవాణా విభాగంలో పనిచేసి, మేరీలాండ్ శాసనసభకు వెళ్లి, 2018లో కాంగ్రెస్ సీటు కోసం పార్టీ ప్రైమరీలో ఓడిపోయి, 2023 జనవరిలో ఆ రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు.

ఆదాయం గురించి మీరు అడగలేదు కానీ, తండ్రిగా మీకు ఆ ఆలోచన తప్పక ఉంటుంది. కాంగ్రెస్ సభ్యుల వార్షిక జీతం 2009 నుంచి 1,74,000 డాలర్ల దగ్గరే ఉంది. వారి దగ్గర కొత్తగా చేరే సహాయకులకు అంతకంటే చాలా తక్కువ వస్తుంది. అందుకే రాజనీతిశాస్త్రంతోపాటు ఆర్థికశాస్త్రమో గణాంకశాస్త్రమో ప్రజారోగ్యమో ఒకటి గట్టిగా చదవమనండి. ఓడిపోయిన ఏడాదిలో ఇల్లు గడవాలన్నా, గెలిచిన ఏడాదిలో బిల్లు రాయాలన్నా అదే ఉపయోగపడుతుంది.

వచ్చే వేసవిలో ప్రచార సభలకంటే ముందు, మీ ప్రాంత కాంగ్రెస్ సభ్యుల స్థానిక కార్యాలయంలో ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు చేయించండి. పాస్‌పోర్టు రాక ప్రయాణం ఆగిపోయినవారు, గ్రీన్‌కార్డు ఫైలు ఏళ్లుగా కదలనివారు, సోషల్ సెక్యూరిటీ చెల్లింపు నిలిచిపోయిన వృద్ధులు అక్కడికి వస్తారు. వారి చేత సమ్మతి పత్రంపై సంతకం చేయించుకుని, కాగితాలు సరిచూసి, సంబంధిత శాఖకు విచారణ లేఖ పంపి, జవాబు వచ్చేదాకా వెంటపడటం అక్కడి రోజువారీ పని. వేసవి ముగిశాక ఆ పని తనకు నచ్చిందో లేదో మీ అమ్మాయినే అడగండి. నచ్చిందంటే, తర్వాత లా స్కూలుకు వెళ్లాలా, ప్రజావిధానంలో మాస్టర్స్ చేయాలా అన్న విషయం అప్పుడు మాట్లాడుకుందాం.