జేఆర్‌ఓటీసీలో భుజం తాడు, లీడర్‌షిప్ రిబ్బన్లు ఎలా వస్తాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: టెక్సస్‌లో అబ్బాయి తొమ్మిదో గ్రేడ్, ఈ ఏడాదే ఆర్మీ జేఆర్‌ఓటీసీ (హైస్కూల్లో సైన్యం తరఫున నడిచే శిక్షణ తరగతి) తీసుకున్నాడు. సీనియర్ల భుజాల మీద రంగు తాళ్లు, ఛాతీ మీద రిబ్బన్లు చూసి తనకెప్పుడు వస్తాయని అడుగుతున్నాడు. మీరు హెచ్-4 వీసా (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చేది) మీద ఉన్నారు కాబట్టి అడ్డేమైనా ఉంటుందా అని మీ సందేహం.

ముందు వీసా సంగతి. యూనిట్ నడవడానికి కనీసం 100 మంది, లేదా స్కూలు విద్యార్థుల్లో 10 శాతం, ఏది తక్కువైతే అంతమంది ఉండాలని చట్టం. ఆ లెక్కలోకి సిటిజన్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లే వస్తారు. మిగతా పిల్లల్ని తరగతిలో కూర్చోబెట్టుకోవడం స్కూలు, ఇన్‌స్ట్రక్టర్ చేతిలో ఉంటుంది. మీవాడిని చేర్చుకున్నారు కాబట్టి సీనియర్ ఆర్మీ ఇన్‌స్ట్రక్టర్‌ని ఒకసారి నేరుగా అడిగి, పోటీలకీ వేసవి క్యాంపుకీ షరతులేమైనా ఉన్నాయేమో తెలుసుకోండి. ఈ తరగతి తీసుకున్నందుకు సైన్యంలో చేరాల్సిన బాధ్యత ఎవరికీ ఉండదు.

ఇక తాడు. దాని రంగుకి దేశమంతటా ఒకటే అర్థం లేదు. ఒక స్కూల్లో తెలుపు కలర్ గార్డ్‌ది (జెండాలు మోసే జట్టుది) అయితే పక్క స్కూల్లో అదే తెలుపు డ్రిల్ టీమ్‌ది కావచ్చు. అందుకని నెట్‌లో రంగుల పట్టికలు వెతక్కండి. బెటాలియన్ (అంటే స్కూలు యూనిట్) ఎస్‌ఓపీ, అంటే వాళ్ల నియమాల పుస్తకం, అడిగి తీసుకోమనండి. అందులో మూడు విషయాలు చూడాలి: ఎన్ని ప్రాక్టీసులకి హాజరు కావాలి, ఎన్ని కార్యక్రమాల్లో పాల్గొనాలి, ఏం చేస్తే తాడు వెనక్కి తీసుకుంటారు. మూడోది చాలామంది చదవరు. టీమ్ మానేసినా, మార్కులు పడిపోయి ఆటలకి అనర్హుడైనా చాలాచోట్ల తాడు తిరిగి ఇచ్చేయాల్సిందే.

ఏ టీమ్ అంటే, మొదటి ఏడాదికి నేను డ్రిల్ టీమ్ లేదా రైఫిల్ టీమ్ చెబుతాను. కలర్ గార్డ్‌లో సాధారణంగా నలుగురే: రెండు జెండాలు, అటూ ఇటూ ఇద్దరు రైఫిల్ గార్డులు. సీటు ఖాళీ అయ్యేదాకా ఎదురుచూడాలి. పైగా అక్కడి కదలికలు వేరు. కలర్ గార్డ్ వెనక్కి తిరగాలంటే మామూలు అబౌట్ ఫేస్ (ఉన్నచోటే వెనక్కి తిరగడం) చేయదు, జెండాల క్రమం చెడకుండా అందరూ కలిసి చుట్టి తిరుగుతారు. యూనిట్ జెండా వందనానికి వంగుతుంది, జాతీయ జెండా వంగదు. ఇవి ఒంటపట్టాలంటే మామూలు డ్రిల్ ముందే గట్టిగా వచ్చి ఉండాలి. రైఫిల్ టీమ్‌లో పాయింట్ 177 ఎయిర్ రైఫిల్‌తో 10 మీటర్ల దూరం నుంచి పడుకుని, నిలబడి, మోకాలి మీద కాల్చాలి. భద్రత పరీక్షలో నూటికి నూరూ రాకుండా తుపాకీ ముట్టనివ్వరు. అక్కడ గురి కంటే ముందు కావాల్సింది ఓపిక.

మీరు కాలేజీలో ఎన్‌సీసీ చేసి ఉంటే ఒక్క మాట: ఇంట్లో డ్రిల్ నేర్పకండి. అడుగు 30 అంగుళాలు, నిమిషానికి 120 అడుగులు అన్నది ఇక్కడా ఉంది. చేతుల ఊపు మాత్రం వేరు. మనవాళ్లు చెయ్యి భుజం దాకా లేపుతారు. ఇక్కడ ముందుకి 9 అంగుళాలు, వెనక్కి 6 అంతే. ఆగినప్పుడు మడమ నేలకేసి కొట్టడం లేదు. సెల్యూట్‌లో అరచెయ్యి ఎదుటివాళ్లకి కనపడకూడదు. అలవాటైన తప్పు పోటీలో జడ్జికి ఇట్టే దొరికిపోతుంది. ఆర్మీ డ్రిల్ మాన్యువల్ టీసీ 3-21.5 ఉచితంగా దొరుకుతుంది. దాన్ని చూసి సరిచేయండి.

తాడు వచ్చాక దాన్ని పాడుచేసేది ఎక్కువగా ఇల్లే. యూనిఫామ్ డ్రై క్లీనింగ్‌కి ఇచ్చేముందు తప్పకుండా విప్పేయాలి, లేకపోతే రంగు దిగి చొక్కాకి అంటుతుంది. మడత పెట్టకుండా గుండ్రంగా చుట్టి పెట్టండి. మడత పడితే అల్లిక అక్కడే విరిగినట్టు నిలిచిపోతుంది. భుజం పట్టీ కింద నుంచి పోనిచ్చి, లోపలివైపు పిన్నుతో కుట్టు గీత దగ్గర బిగించాలి. వదులుగా ఉంటే మార్చింగ్‌లో జారి మోచేతి మీదకొస్తుంది. ఏ భుజానికన్నది ఎస్‌ఓపీ ప్రకారమే.

రిబ్బన్లకి మాత్రం నంబర్లుంటాయి: ఎన్-1 చదువు, ఎన్-2 ఆటలు, ఎన్-3 సైనిక విభాగం, ఎన్-4 ఇతరాలు. మొదటి ఏడాది అందుబాటులో ఉండేవి ఎన్-1-6 (తరగతిలో శిక్షణకి), ఎన్-3-2 (నిలకడగా శుభ్రమైన యూనిఫామ్‌కి), ఎన్-4-6 (సేవా కార్యక్రమానికి). చదువులో అన్నీ ఏ గ్రేడ్లే అయితే ఎన్-1-3 కూడా. జేబు పై అంచుకి 1/8 అంగుళం పైన, నంబరు క్రమంలో పెట్టాలి. చిన్న నంబరున్నది పై వరసలో, వేసుకున్నవాడి కుడివైపు.

అసలు లీడర్‌షిప్ గౌరవాలు వేరే లెక్క. ఎన్-3-1, అంటే లీడర్‌షిప్ రిబ్బన్, ఏడాదికి ఒక్కో లెట్ స్థాయిలో (జేఆర్‌ఓటీసీ శిక్షణలో ఎన్నో ఏడాది అన్నది) ఒక్కరికే. సుపీరియర్ కేడెట్ డెకరేషన్ కూడా అంతే. దానికి జేఆర్‌ఓటీసీ తరగతిలో పై 25 శాతంలో, మొత్తం చదువులో పై 50 శాతంలో ఉండాలి. కాబట్టి డ్రిల్ కోసం ఆల్జీబ్రా వదిలేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. ఎంపిక బోర్డు ముందు కూర్చున్నప్పుడు కేడెట్ క్రీడ్ (కేడెట్ల ప్రతిజ్ఞ), కమాండ్ వరస (ఎవరి పైన ఎవరు అన్నది), ఆర్మీ ఏడు విలువలు తడుముకోకుండా చెప్పాలి. స్క్వాడ్ లీడర్ పని దొరికితే వద్దనకూడదు. పదిమందిని వేళకి వరుసలో నిలబెట్టినవాడు ఇన్‌స్ట్రక్టర్ కళ్లలో పడతాడు, ఒంటరిగా బాగా డ్రిల్ చేసేవాడి కంటే.

అన్నిటికంటే ఎక్కువగా పిల్లలు నష్టపోయేది కాగితం దగ్గర. హాజరు, సేవా గంటలు, కార్యక్రమాలు అన్నీ జమ్స్ అనే కంప్యూటర్ రికార్డుల వ్యవస్థలో ఎక్కాలి. ఎక్కించేది బెటాలియన్ ఎస్-1, అంటే రికార్డులు చూసే కేడెట్. వాడూ ఒక విద్యార్థే, మరిచిపోతాడు. రికార్డులో లేనిది అవార్డుల జాబితాలోకి రాదు. ప్రతి కార్యక్రమం అయ్యాక తేదీ, చోటు, గంటలు, ఎవరు పర్యవేక్షించారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోమనండి. నెలకోసారి ఎస్-1 పక్కన కూర్చుని సరిపోల్చుకోవాలి. అవార్డుల సభ వసంతంలో ఉంటుంది కాబట్టి ఫిబ్రవరి నాటికి లోటుపాట్లు ఇన్‌స్ట్రక్టర్‌కి చూపిస్తే సరిచేయడానికి వ్యవధి ఉంటుంది.