పైన్ చెక్కపై స్టెయిన్ మచ్చలు పడితే

పైన్ టేబుల్‌కి వాల్‌నట్ స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) వేస్తే మచ్చలొచ్చాయన్నారు. తప్పు స్టెయిన్‌ది కాదండీ. వార్షిక వలయాల మధ్య ఉండే మెత్తటి భాగం రంగును గటగటా తాగేస్తుంది, పక్కనున్న గట్టి గీత తాగదు. దానిమీద ఇంకో కోటు మాత్రం వేయకండి, మచ్చ మరింత నల్లబడుతుంది.

అసలు చెక్క కనబడేదాకా 120, తర్వాత 150, 180 నంబరు ఉప్పుకాగితాలతో చెక్క నార (గీతలు) వెంటే రుద్దండి. లీటరు మిథైలేటెడ్ స్పిరిట్‌లో మైనం తీసిన లక్క రేకులు 60 గ్రాములు రాత్రంతా నానబెట్టి, కరిగాక ఒక పల్చటి కోటు పుయ్యండి, మెత్తటి భాగం రంగును మరీ తాగకుండా ఇది ఆపుతుంది. అడ్డంగా కోసిన అంచులు మరీ ఎక్కువ తాగుతాయి, అక్కడ రెండు కోట్లు. గంట ఆరాక 320తో చెయ్యి బరువు వేయకుండా రుద్ది, దుమ్ము తుడిచి జెల్ స్టెయిన్ (చిక్కగా ఉండే స్టెయిన్) పట్టించండి. 3 నిమిషాలకే గుడ్డతో తుడిచేయాలి. ఇదంతా ముందు టేబుల్ అడుగున చేసి చూడండి.

నూనె స్టెయిన్ గుడ్డల్ని ఉండచుట్టి పడేయొద్దు, వాటంతటవే అంటుకోగలవు. పరిచి ఆరబెట్టండి.