గొర్రె దొంగతనంతో మొదలుపెట్టు

తమ్ముడికి,

నీ వ్యాసం అందింది. చైనా ప్రాచీన తత్వాలు రాజ్యాన్నీ, జనం బతుకునీ ఎలా మలిచాయన్నది తెలుగులో ఎక్కువమంది ముట్టుకోని విషయం. నువ్వు ముట్టుకున్నావు, అందుకు సంతోషం. వాక్యం కూడా బాగా నడుస్తోంది. అయితే మొదటి నాలుగు పేజీలూ తీసెయ్. కన్ఫ్యూషియస్ మర్యాద అన్నాడు, లావోజు ప్రకృతి అన్నాడు, మోజు అందరినీ సమానంగా ప్రేమించమన్నాడు, చట్టవాదులు శిక్ష అన్నారు అని వరసగా అప్పజెప్పుకుంటూ పోయావు. పరీక్ష రాసే కుర్రాడికి అది చాలు. పాఠకుడికి మాత్రం ఆ నాలుగు పేజీల్లో ఒక్క మనిషి కనబడడు.

ఒక గొర్రె దొంగతనంతో మొదలుపెట్టి చూడు. షె అనే చోట పాలకుడు ఒకాయన కన్ఫ్యూషియస్‌తో గొప్పగా చెప్పుకున్నాడు, మా దగ్గర ఎంత నిజాయితీపరులున్నారంటే, తండ్రి గొర్రెను దొంగిలిస్తే కొడుకే సాక్ష్యం చెప్పాడని. మా దగ్గర అలా కాదు, తండ్రి తప్పును కొడుకు దాస్తాడు, కొడుకు తప్పును తండ్రి దాస్తాడు, నిజాయితీ అందులోనే ఉంది అన్నాడు కన్ఫ్యూషియస్. ఇంకో రెండు శతాబ్దాలకు పైగా గడిచాక చట్టవాది హాన్ ఫెయ్ అదే గొర్రెను పట్టుకున్నాడు. ఆయన చెప్పిన కథలో, ఫిర్యాదు చేసిన కొడుక్కి చు రాజ్యపు మంత్రి మరణశిక్ష వేశాడు. దాంతో ఆ రాజ్యంలో నేరాలు పైవాళ్ల చెవిన పడటమే మానేశాయట. దాని పక్కనే లు రాజ్యపు సైనికుడి కథ పెట్టాడు. యుద్ధానికి వెళ్లిన ప్రతిసారీ పారిపోయి వచ్చేవాడు. ఎందుకని అడిగితే, ఇంట్లో ముసలి తండ్రి ఉన్నాడు, నేను పోతే ఆయన్ని ఎవరు చూస్తారు అన్నాడు. కన్ఫ్యూషియస్ అతణ్ణి మెచ్చుకున్నాడని చెప్పి, తండ్రికి మంచి కొడుకు రాజుకు ద్రోహి అవుతున్నాడు చూశారా అంటాడు హాన్ ఫెయ్.

ఇదంతా వట్టి వాదనగా మిగిలిపోలేదు. క్రీ.పూ. 66లో హాన్ వంశపు షువాన్ చక్రవర్తి, తల్లిదండ్రుల నేరాన్ని దాచిన బిడ్డలనూ, భర్త నేరాన్ని దాచిన భార్యనూ శిక్షించొద్దని ఉత్తర్వు ఇచ్చాడు. క్రీ.శ. 653 నాటి తాంగ్ చట్టం ఇంకా ముందుకెళ్లింది. రాజద్రోహం లాంటివి తప్పిస్తే, కన్నవాళ్ల మీద ఫిర్యాదు చేసిన కొడుక్కే ఉరి. ఒక పెద్దాయన అన్న మాట చట్టంలోకి ఎక్కడానికి ఎన్ని వందల ఏళ్లు పట్టిందో లెక్కేసుకో. నీ వ్యాసం మొత్తం ఈ దారినే నడవొచ్చు.

ఇక చిన్ రాజ్యం. నువ్వు రాసిన భాగమంతా కత్తులూ నెత్తురే. అక్కడి మంత్రి, చట్టవాది షాంగ్ యాంగ్ అయిదేసి ఇళ్లను ఒక కట్టుగా కట్టి ఒకరి తప్పుకు అందరినీ బాధ్యుల్ని చేశాడు, నిజమే. క్రీ.పూ. 213లో పుస్తకాలు తగలబెట్టారు, అదీ నిజమే. కానీ షాంగ్ యాంగ్ పారిపోతూ ఒక సత్రానికి వెళితే, గుర్తింపు లేనివాళ్లకు చోటిస్తే షాంగ్ ప్రభువు (అంటే అతనే) చట్టం ఊరుకోదని సత్రం యజమాని గెంటేశాడన్న కథ ఉంది చూడు, దాన్ని కళ్లారా చూసినట్టు రాశావు. అది చెప్పింది చరిత్రకారుడు సిమా చియెన్. షాంగ్ యాంగ్ చనిపోయిన రెండు శతాబ్దాల తరవాత, అదీ చిన్‌ను కూలదోసి వచ్చిన హాన్ వంశపు కొలువులో ఉండి రాశాడు. కథ ఉంచు, ఎవరు చెప్పారో కూడా చెప్పు. అంత చక్కగా కుదిరిన కథ దొరికినప్పుడల్లా నాకు కాస్త టెన్షనే.

దానికి పక్కన పెట్టుకోవడానికి నీకు ఇంకో సాక్ష్యం ఉంది. 1975లో హూబెయ్ రాష్ట్రం యున్‌మెంగ్ దగ్గర ఒక సమాధి బయటపడింది. చిన్ కాలపు చిన్న ఉద్యోగి, పేరు షి. శవపేటికలో అతని చుట్టూ వెయ్యికి పైగా వెదురు బద్దలు, వాటి నిండా చట్టాలు. ధాన్యపు కొట్టులో ఎలుక కన్నాలు మూడు, అంతకు మించి ఉంటే బాధ్యుడికి ఒక డాలు జరిమానా. రెండో ఒకటో ఉంటే చీవాట్లతో సరి. చిట్టెలుక కన్నాలు మూడైతే ఒక ఎలుక కన్నం కింద లెక్క. చట్టవాదం అంటే ఏమిటో మూడు పేజీల్లో నువ్వు చెప్పలేకపోయింది ఇక్కడ ఉంది. కొట్టు ముందు గొంతుక్కూర్చుని ఇది ఎలుక కన్నమా, చిట్టెలుక కన్నమా అని తేల్చే గుమాస్తాను రాయి. నెత్తురు కంటే అతనే చిన్ రాజ్యాన్ని బాగా చూపిస్తాడు.

అదే వెదురు బద్దల గుట్టలో, ఉద్యోగి ఎలా నడుచుకోవాలో చెప్పే పాఠం కూడా దొరికింది. తండ్రివైతే దయగా ఉండు, కొడుకువైతే తల్లిదండ్రుల్ని గౌరవించు అని ఉంది అందులో. అచ్చం కన్ఫ్యూషియస్ మాటలా లేదూ? అందుకే ఒక్కో తత్వానికీ ఒక్కో గోడ కట్టొద్దంటున్నాను.

మధ్యలో చాణక్యుణ్ణి ఎందుకు తెచ్చావు? తీసెయ్. ఆ పోలికకు వేరే వ్యాసం కావాలి. ఇవాళ్టి బీజింగ్‌ను కన్ఫ్యూషియస్‌తో వివరించిన పేరా కూడా వద్దు. 1905 దాకా సాగిన ప్రభుత్వ పరీక్షల గురించి రాసింది బాగుంది, కానీ ఇక్కడ ఇమడదు, దాచుకో. ఒకచోట చిన్, ఇంకోచోట క్విన్ అని రాశావు, ఏదో ఒకటి ఖాయం చెయ్.

హాన్ భాగంలో ఉప్పూ ఇనుముల మీద సర్కారు గుత్తాధికారం గురించి క్రీ.పూ. 81లో జరిగిన వాదన తప్పకుండా ఉండాలి. ప్రభుత్వం జనంతో పోటీపడి వ్యాపారం చేయడమేమిటని పండితులు అడిగారు. మరి సరిహద్దులో సైన్యానికి జీతాలు ఎవరిస్తారని అధికారులు అడిగారు. చివరికి సారా మీద గుత్తాధికారం పోయింది, ఉప్పూ ఇనుమూ చాలామటుకు సర్కారు చేతిలోనే ఉండిపోయాయి.

ఆ తరవాత మళ్లీ షువాన్ చక్రవర్తి దగ్గరికి రా. పసిగుడ్డుగా జైల్లో పడి, ఆ తరవాత మామూలు జనం మధ్య పెరిగినవాడు. శిక్షలు మరీ కఠినంగా ఉన్నాయి, కన్ఫ్యూషియస్ పండితులను వాడుకోండి అని యువరాజు అడిగితే మండిపడ్డాడు. హాన్ ఇంటికి దాని పద్ధతి దానికుంది, బలప్రయోగాన్నీ ధర్మాన్నీ కలిపి నడుపుతాం అన్నాడు. బిడ్డలు తండ్రిని దాచుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చిందీ ఈయనే కదా. ఈ తండ్రీకొడుకుల మీద ముందు ఒక పేజీ రాసి పంపు, మిగతాది తరవాత చూద్దాం. అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టు, నా కళ్లు ఇదివరకటిలా లేవు.

మీ అన్నయ్య