అడ్డపొగ తాగే అమ్మకు అంగిలిపై మచ్చ: డీఎన్ఏ దెబ్బతింటే బాగవుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది శ్రీకాకుళం జిల్లా గార మండలంలో తీరం వెంబడి ఊరు. వేట మీద బతికే కుటుంబం. మా అమ్మకు యాభై ఎనిమిదేళ్లు. పెళ్లయిన నాటి నుంచి అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగుతోంది. పంటి నొప్పికని తీసుకెళ్తే అంగిలి మీద తెల్లమచ్చ, మధ్యలో కొంత ఎరుపు ఉన్నాయని, అక్కడి కణాల్లో డీఎన్ఏ దెబ్బతిని ఉండవచ్చని, ముక్క తీసి పరీక్షించాలని అన్నారు. కత్తి తగిలితే జబ్బు పాకుతుందని అమ్మ భయం. ఇన్నేళ్లు తాగాక ఇప్పుడు మానితే ఒరిగేదేముందని కూడా అంటోంది. డీఎన్ఏ మళ్లీ బాగవుతుందా? మాత్రలున్నాయా? మా పిల్లలకూ వస్తుందా?

జవాబు: ముందు పరీక్ష సంగతి. ఈ వారంలోనే అమ్మగారికి బయాప్సీ చేయించండి. మత్తు సూది వేసి కొన్ని మిల్లీమీటర్ల ముక్క తీస్తారు, అంతే. దానివల్ల జబ్బు పాకదు. పాకుతుందన్న భయంతో నెలల తరబడి ఆగినవారికే నష్టం జరుగుతోంది. అడ్డపొగ తాగేవారి అంగిలి తెల్లబారడం మామూలే, అలాంటి మచ్చల్లో చాలా వరకు ప్రమాదం ఉండదు. కానీ తెలుపు మధ్య ఎరుపు కనిపిస్తే క్యాన్సర్ అవకాశం ఎక్కువ. అందుకే తొందరపెడుతున్నాను.

డీఎన్ఏ అన్న మాటకు ఇంటిల్లిపాదీ బెదిరినట్టున్నారు. కణం ఎలా పనిచేయాలో రసాయన అక్షరాల్లో రాసి ఉన్న రెండు పోగుల తాడే డీఎన్ఏ. అది దెబ్బతినడమే జబ్బు కాదు. మీలో, నాలో, ప్రతి కణంలోనూ రోజుకు వేల సంఖ్యలో గాయాలు దానికి తగులుతుంటాయి. వీటిలో ఎక్కువ భాగం ఒంట్లోని నీటి వల్ల, మనం పీల్చే ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువుల వల్ల జరిగేవే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మకణాల డీఎన్ఏలో పక్కపక్కనున్న అక్షరాలను అతికించేస్తాయి. పొగాకు పొగలోని బెంజోపైరీన్ శరీరంలోకి వెళ్లాక రూపు మార్చుకుని, గ్వానీన్ అనే అక్షరాన్ని పట్టుకుని వదలదు.

కణం చూస్తూ ఊరుకోదు. ఒక్క అక్షరం చెడితే దాన్నే తీసి సరైనది పెడుతుంది. పొగాకు విషం అంటుకున్న చోటైతే అటూ ఇటూ కలిపి దాదాపు ముప్పై అక్షరాల ముక్కను కత్తిరించి, ఎదుటి పోగును చూసి తిరిగి నింపుతుంది. ఈ మరమ్మతుల గుట్టు విప్పిన లిండాల్, మోడ్రిచ్, సంకార్‌లకు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. గాయం పెద్దదైతే పీ53 అనే ప్రోటీన్ కణ విభజనను నిలిపి, మరమ్మతుకు వ్యవధి ఇస్తుంది. బాగుపడే దారి లేకపోతే ఆ కణం తనంతట తాను చనిపోయేలా చేస్తుంది.

ఈ వ్యవధే అన్నిటికంటే ముఖ్యం. చిరిగిన వలను మళ్లీ నీటిలో వేసేలోగా కుట్టుకోవాలని మీకు నేను చెప్పనక్కర్లేదు. కణం కూడా విభజన మొదలయ్యేలోగా డీఎన్ఏను సరిచేసుకోవాలి. సరిచేయకుండా నకలు తీస్తే తప్పు అక్షరం శాశ్వతమైపోతుంది, ఆ తర్వాత పుట్టే కణాలన్నిటికీ సంక్రమిస్తుంది. అడ్డపొగ మామూలు చుట్ట కంటే అంగిలికి ఎక్కువ కీడు చేసేది ఇక్కడే. నిప్పు నోట్లో ఉండటంతో లోపలి గాలి వేడి 120 డిగ్రీల సెల్సియస్ దాకా చేరవచ్చు. ఆ వేడికి పైపొర కణాలు చనిపోతాయి. ఖాళీని పూడ్చడానికి కింది కణాలు హడావిడిగా విభజన చెందుతాయి. ఒకవైపు పొగ డీఎన్ఏను గాయపరుస్తుంటే, మరోవైపు వేడి ఆ గాయం మానే వ్యవధి లేకుండా చేస్తుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే ఒకనాడు పీ53 ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువే చెడిపోవచ్చు. నోటి క్యాన్సర్లలో తరచూ కనిపించే లోపం అదే. అప్పుడిక చెడ్డ కణాన్ని ఆపేవారుండరు. తీరాంధ్రలో అంగిలి క్యాన్సర్‌కూ ఈ అలవాటుకూ ఉన్న సంబంధం గురించి 1957లోనే వైద్య పత్రికలో వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా మన ఊళ్లలో తల్లులు దీనికి బలవుతుండటం నన్ను చాలా బాధిస్తుంది.

ఇప్పుడు మానితే ఒరిగేది చాలా ఉందని అమ్మగారికి చెప్పండి. శాశ్వతమైపోయిన తప్పులు పోవు, నిజమే. కానీ చుట్ట ఆపిన రోజు నుంచి దాని వల్ల కొత్త గాయాలు తగలవు, కాలిన చోట జరిగే తొందరపాటు విభజనా ఆగుతుంది. మానేసిన వారిలో అంగిలి మచ్చలు తగ్గడం, కొందరిలో పూర్తిగా పోవడం ఉంది. అలాగని మచ్చ తగ్గేదాకా చూసి పరీక్షకు వెళ్దామనుకోవద్దు. ఆమెను కసరవద్దు కూడా. నలభై ఏళ్ల అలవాటు తిడితే పోదు. 1800112356 జాతీయ పొగాకు విరమణ నంబరు, ఉచితం. చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్‌ల గురించి డాక్టరును అడగండి.

డీఎన్ఏను బాగుచేసే మాత్రలంటూ ఎవరు అమ్మినా కొనకండి. ఫిన్లాండ్‌లో పొగతాగేవారికి ఏళ్ల తరబడి బీటా కెరోటిన్ (క్యారెట్‌లో ఉండే పోషకం) మాత్రలిచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లో తేలింది. ఆకుకూరలు, పండ్లు తినిపించండి, చాలు.

అంగిలి కణాల్లో వచ్చిన మార్పు అక్కడే ఉంటుంది. అది మీకూ రాదు, మీ పిల్లలకూ రాదు. అండం, వీర్యకణాల్లోని మార్పులే సంతానానికి చేరతాయి. అయితే అమ్మమ్మనో నానమ్మనో చూసి చుట్ట అందుకునే పిల్లలున్నారు, ముప్పు అటు నుంచే. ఇంట్లో అడ్డపొగ తాగే స్త్రీలు ఇంకెవరైనా ఉంటే వారి అంగిలి కూడా చూపించండి.

బయాప్సీ శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో అడగండి. క్యాన్సర్ అని తేలితే విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లవచ్చు. తొలి దశలోనే దొరికితే నయమయ్యే అవకాశాలు బాగుంటాయి. క్యాన్సర్ లేదని వచ్చినా కణాల్లో మార్పు ఉందని రాస్తే, మచ్చ తీసేయాలా లేక గమనిస్తూ ఉండాలా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. చెప్పిన గడువుకు తప్పక మళ్లీ చూపించాలి. ఈలోగా అంగిలిపై పుండు రెండు వారాలకు మించి మానకపోయినా, పై పళ్లు కదిలినా, మెడలో గడ్డ తగిలినా గడువు దాకా ఆగకండి.